నీటి లెక్క మీద నిలిచిన జైసల్మేర్

రాజస్థాన్ పడమటి కొసన, పాకిస్తాన్ సరిహద్దుకు చేరువలో ఉన్న చిన్న నగరం జైసల్మేర్. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉండేది 65 వేల పైచిలుకు మంది. తెలుగు రాష్ట్రాల్లో అయితే ఓ మోస్తరు మునిసిపాలిటీ కిందే లెక్క. ఇది ముఖ్యపట్టణంగా ఉన్న జిల్లా విస్తీర్ణం మాత్రం 38 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా పెద్దదిగా పేరుపడిన పాత అనంతపురం జిల్లాకు రెండింతలు. అంత నేల మీద చదరపు కిలోమీటరుకు సగటున 17 మందే బతుకుతున్నారు. ఈ ఒక్క జిల్లాకే పాకిస్తాన్‌తో 460 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉంది.

జైసల్మేర్ అనగానే ఇసుక తిన్నెలు కళ్లముందు మెదులుతాయి. నిజానికి ఊరి చుట్టూ ఉన్నది రాతి నేల. పసుపు రంగు సున్నపురాయి పలకలు పలకలుగా పైకి తేలి, వాటి సందుల్లో ముళ్లపొదలు, జిల్లేళ్లు మొలిచి ఉంటాయి. పేరున్న తిన్నెలు చూడాలంటే పడమరగా మరో 40 కిలోమీటర్లు వెళ్లాలి. కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉన్నప్పుడు పేరుకున్న రాయి ఇది. కోట బురుజు నుంచి ఇంటి అరుగు దాకా ఊరంతా దీనితోనే కట్టారు. పొద్దున లేత పసుపుగా ఉన్న గోడలు సాయంత్రం ఎండకు తేనెరంగుకు తిరుగుతాయి. స్వర్ణనగరి అన్న పేరు అలా వచ్చిందే.

ఏడాది మొత్తం మీద ఇక్కడ పడే వాన 20 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. హైదరాబాద్‌లో కురిసేదానిలో నాలుగో వంతు అన్నమాట. అదీ ఏటా నమ్మకంగా పడదు. ఇక్కడి కోట, ఇళ్లు, వంట, వ్యవసాయం అన్నీ ఈ కొరత చుట్టూ అల్లుకున్నవే. ఆ సంగతి మనసులో పెట్టుకుని తిరిగినవారికి ఈ ఊరు బాగా అర్థమవుతుంది.

భాటీ వంశపు రాజపుత్ర పాలకుడు రావల్ జైసల్ 1156లో ఈ నగరానికి పునాది వేశాడు. అంతకుముందు రాజధాని ఇక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని లోద్రువా. అది మైదానంలో ఉండి శత్రువులకు సులువుగా చిక్కేది. అందుకని జైసల్ త్రికూట పర్వతం అనే కొండను ఎంచుకున్నాడు. చుట్టూ చదును నేల కాబట్టి 76 మీటర్ల ఎత్తు ఉన్న ఆ గుట్టే చాలా దూరం నుంచి కనిపిస్తుంది. సింధు, ముల్తాన్ ప్రాంతాలకు, గుజరాత్, ఢిల్లీ వైపులకు నడిచే ఒంటెల బిడారులు ఈ దారిన సాగేవి. నల్లమందు, పట్టు, ఎండుఫలాలు, సుగంధద్రవ్యాలు చేతులు మారేవి. ఎడారిలో బిడారు ఎక్కడ పడితే అక్కడ దిగదు, నీళ్లున్న చోటే దిగుతుంది. అలా దిగిన ప్రతి బిడారు నుంచీ జైసల్మేర్ సుంకం వసూలు చేసుకుంది. పంట పండని రాజ్యానికి అదే ప్రధాన రాబడి.

ఆ రాబడి రెండు విడతల్లో పోయింది. బ్రిటిషు కాలంలో బొంబాయి రేవు, రైళ్లు వచ్చి సరుకును సముద్రం వైపు తిప్పేశాయి. మిగిలిన కాస్త వ్యాపారానికి 1947 విభజన గండి కొట్టింది. ఎనిమిది వందల ఏళ్లుగా పడమటికి సాగిన దారి ఒక్కసారిగా మూసుకుపోయింది. సింధులో బంధువులున్న కుటుంబాలకైతే పోయింది వ్యాపారం ఒక్కటే కాదు. తర్వాత ఊరికి మళ్లీ ఊపిరి పోసిందీ సరిహద్దే. 1965, 1971 యుద్ధాలతో సైన్యం, వైమానిక దళం ఇక్కడ స్థిరపడ్డాయి. మంచి రోడ్లు పడ్డాయి. జోధ్‌పూర్ నుంచి వచ్చే రైలు మార్గం 1960ల చివర్లో జైసల్మేర్ చేరింది. 1974లో సత్యజిత్ రాయ్ తన నవల ఆధారంగా తీసిన ‘సోనార్ కెల్లా’ సినిమా ఈ కోటను దేశానికి చూపించింది. బెంగాలీ యాత్రికులు ఇప్పటికీ ఆ సినిమాను తలుచుకుంటూ వస్తుంటారు.

తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లేవారికి జోధ్‌పూర్ మీదుగా ప్రయాణం సుఖం. అక్కడి నుంచి జైసల్మేర్ రోడ్డు మార్గాన 280 కిలోమీటర్లకు పైన, ఐదారు గంటల దారి. ఆ దారిలోనే 1974, 1998 అణుపరీక్షలతో పేరుకెక్కిన పోఖ్రాన్ వస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. పగలు వెచ్చగా ఉన్నా రాత్రిళ్లు చలి గట్టిగానే కొరుకుతుంది కాబట్టి ఉన్ని బట్టలు వెంట ఉండాలి. ఏప్రిల్ దాటితే ఎండ 45 డిగ్రీలకు ఎగబాకుతుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ రోజుల్లో వెళ్లకపోవడమే మంచిది. మాఘ పౌర్ణమికి ముగిసేలా ఏటా ఎడారి ఉత్సవం జరుపుతారు. అప్పుడు సందడి ఎంత ఉంటుందో బసల ధరలూ అంతే ఉంటాయి.

ఊళ్లో మొదట చూడవలసింది కోట. ఖాళీ అయిపోయిన కోట కాదిది. సుమారు మూడు వేల మంది ఇప్పటికీ లోపల కాపురం ఉంటున్నారు. అఖై, సూరజ్, గణేశ్, హవా అనే నాలుగు ద్వారాలను వరుసగా దాటుకుంటూ రాతిబాట మీద పైకి ఎక్కాలి. దాడికి వచ్చిన ఏనుగులు పరుగు అందుకుని తలుపుల్ని గుద్దకుండా దారిని మలుపులు తిప్పారు. 99 బురుజులున్న ప్రాకారం లోపల దసరా చౌక్, దాని పక్కన రాజమహల్, అక్కడి నుంచి నలువైపులా సన్నని సందులు. ఆ సందుల్లో ఆవులు, స్కూటర్లు, బొమ్మలు అమ్మే కొట్లు, గడప దగ్గర కూర్చుని కూరగాయలు తరిగే అమ్మమ్మలు, అంతా ఒక్క ఊరి బతుకే. 2013లో యునెస్కో రాజస్థాన్‌లోని ఆరు కోటలను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు జైసల్మేర్ కూడా అందులో ఒకటైంది.

కోటలోని ఏడు జైన ఆలయాలను తీరికగా చూడాలి. ఎక్కువ భాగం 15వ శతాబ్దంలో వ్యాపారుల ధనంతో కట్టినవి. స్తంభాల మీద, తోరణాల మీద చెక్కని జానెడు చోటు కూడా దొరకదు. తోలు వస్తువులను లోపలికి అనుమతించరు. సందర్శకులకు కేటాయించిన వేళలు తక్కువ, కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు. ఆలయాల నేలమాళిగలో జ్ఞానభండార్ అనే గ్రంథాలయం ఉంది. గుజరాత్ ప్రాంతం దండయాత్రలతో అల్లాడిన కాలంలో అక్కడి తాళపత్రాలను ఈ మారుమూల కోటకు తెచ్చి దాచారు. వాటిలో వెయ్యేళ్ల వయసుకు దగ్గరపడుతున్నవి ఉన్నాయి. మన తీరప్రాంతాల చెమ్మలో తాళపత్రాలు కాపాడుకోవడం ఎంత కష్టమో తెలిసినవారికి ఈ పొడిగాలి విలువ ఇట్టే అర్థమవుతుంది.

కోటను పొడిగా ఉంచాలన్నది కట్టినవాళ్లకు ముందునుంచీ ఉన్న పట్టింపు. ఈ కొండ గట్టి గ్రానైటు గుట్ట కాదు. ఇసుకరాయి, బంకమట్టి పొరలుగా పేరుకున్నది. తడిస్తే బంకమట్టి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. అందుకే వాన పడ్డప్పుడు నీరు నిలవకుండా కిందికి జారిపోయే కాలువలు పెట్టారు. ఇళ్ల కప్పులు మట్టితో మందంగా వేశారు. తాగడానికీ వండుకోవడానికీ నీళ్లు కింది చెరువు నుంచి బిందెలతో మోసుకురావలసిందే కాబట్టి ఎవరూ ఒలకబోసుకునేవారు కాదు. కుళాయిలు వచ్చాక ఆ లెక్క తప్పింది. హోటళ్లు పెరిగాయి, స్నానాల గదులు పెరిగాయి, కారిన నీరంతా కొండలోకి ఇంకడం మొదలైంది. గోడలు బీటలు వారాయి, బురుజులు కూలాయి. ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో 1996లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఈ కోటను చేర్చింది. ఆ తర్వాత మురుగు గొట్టాలు మార్చారు, బురుజులకు మరమ్మతులు చేశారు. అయినా బెంగ తీరలేదు.

ఈ విషయంలో యాత్రికుడి చేతిలో ఉన్నది చిన్న పనే గానీ దానికి విలువ ఉంది. కోటలోపలి గదుల్లో దిగడం మాని కింది ఊళ్లో బస చేయడం. కోట లోపలివారి జీవనం యాత్రికుల మీదే ఆధారపడి ఉందన్నదీ నిజమే. అందుకని అక్కడ భోజనం చేయవచ్చు, బట్టలు, బొమ్మలు కొనవచ్చు, గైడును పెట్టుకోవచ్చు. నీళ్లు ఎక్కువ ఖర్చయ్యేది రాత్రి బసలోనే. పైగా కోట అందం మొత్తంగా కనపడేది కింది ఊళ్లోని మేడ మీద నుంచే.

కింది ఊరిని హవేలీలకోసం చూడాలి. హవేలీ అంటే వ్యాపారుల మేడ. గుమాన్‌చంద్ పట్వా అనే సంపన్నుడి కుటుంబం 1805లో మొదలుపెట్టి ఐదు మేడలను పక్కపక్కనే కట్టించింది. పట్వాల హవేలీలు అనేది వాటినే. దివాను సాలిం సింగ్ మేడ 1815 నాటిది. పై అంతస్తు నెమలి ఆకారంలో బయటికి పొడుచుకువచ్చి ఉంటుంది. 1885 నాటి నాథ్‌మల్ మేడను హాథీ, లాలూ అనే అన్నదమ్ములు చెరో సగం చెక్కారు. దూరం నుంచి రెండు సగాలూ ఒకేలా అనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి ఒక్కో కిటికీనే పోల్చి చూస్తే పువ్వు పువ్వుకీ తేడా తెలుస్తుంది.

ఈ మేడల గోడ దగ్గర ఆగి రాళ్ల అతుకు పరిశీలించాలి. రాళ్ల మధ్య సున్నం కనపడదు. కొండ నుంచి తీసిన కొత్తలో ఈ రాయి ఉలికి బాగా లొంగుతుంది. శిల్పులు ముందే నేల మీద చెక్కి, ఒక రాతి అంచున గాడి, మరో రాతికి నాలుక తీసి, వడ్రంగి పనిలో లాగా ఒకదానిలో ఒకటి దిగవేసేవారు. అవసరమైన చోట ఇనుప బద్దె బిగించేవారు. సున్నం నానబెట్టి, గచ్చు కలిపి, గోడను రోజుల తరబడి తడపడానికి కావలసిన నీళ్లు అలా మిగిలిపోయాయి. చిల్లులు చెక్కిన జాలీ కిటికీలూ అంతే, అందానికి అందం, పనికి పని. ఎండను ఆపుతాయి, గాలిని వదులుతాయి.

ఊరి ఆగ్నేయ దిక్కున గడీసర్ చెరువు ఉంది. 14వ శతాబ్దంలో రావల్ గడ్సీ దీన్ని బాగుచేయించాడు. కుళాయిలు రాకముందు నగరం తాగింది ఈ వాననీటినే. చెరువులోకి నీరు దిగే వాలులో మురికి చేరకుండా కాపాడుకోవడం అందరి బాధ్యతగా ఉండేది. ఒడ్డున అందమైన ద్వారం కట్టించినది తీలోన్ అనే వేశ్య. ఆమె కట్టిన ద్వారం కింద నుంచి నీళ్లకు నడవడం తమకు చిన్నతనమని రాజకుటుంబం అభ్యంతరపెడితే, ఎవరూ పడగొట్టకుండా దానిపైన కృష్ణుడి గుడి కట్టించిందని స్థానికులు చెబుతారు. ద్వారం నేటికీ నిలిచే ఉంది. పంజాబ్‌లోని హరికే ఆనకట్ట దగ్గర మొదలయ్యే ఇందిరాగాంధీ కాలువ 1980లలో జైసల్మేర్ జిల్లాకు చేరాక నగరం నీటి కథే మారిపోయింది. చెరువు ఇప్పుడు పడవ షికారుకూ, చలికాలంలో వలస పక్షులకూ నెలవు.

భోజనంలో దాల్ బాటీ చూర్మా ఎక్కడైనా దొరుకుతుంది. ఇక్కడ తప్పక తినవలసింది కేర్ సాంగ్రీ. కేర్ అనేది ముళ్లపొదకు కాసే బఠాణీ గింజంత కాయ. పచ్చిది తినలేనంత చేదు. ఉప్పునీళ్లలోనో మజ్జిగలోనో కొన్నాళ్లు ఊరబెట్టి చేదు విరిచి ఎండబెడతారు. సాంగ్రీ అంటే మన జమ్మిచెట్టు కాయలే. దసరానాడు తెలుగువాళ్లు ఆకు తెంచుకుని పెద్దల చేతుల్లో పెట్టే ఆ జమ్మి తెలంగాణకు రాష్ట్ర వృక్షం, రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షమే. మనం పూజించి ఊరుకుంటే ఇక్కడివారు దాని ఆకు మేకలకూ ఒంటెలకూ మేపి, కాయను కరువు రోజుల కూరగా దాచుకున్నారు. ఈ రెండింటినీ నానబెట్టి, ఎండుమిర్చి, ఆమ్‌చూర్ వేసి నూనెలో మగ్గిస్తే పుల్లగా, కాస్త వగరుగా ఉండే కూర తయారవుతుంది. నీరు తక్కువ కాబట్టి రెండు మూడు రోజులు నిలవ ఉంటుంది. పక్కన సజ్జరొట్టె, నెయ్యి. శనగపిండి ముద్దలను పెరుగు పులుసులో ఉడికించే గట్టే కూర కూడా కూరగాయలు పండని చోట పుట్టిన వంటే. అన్నం లేనిదే ముద్ద దిగనివారికి హోటళ్లలో ఇబ్బంది ఉండదు. తీపిలో ఘోటువా లడ్డు ఈ ఊరి ప్రత్యేకం.

జైసల్మేర్ సంగీతం మాంగణియార్లది. వీరు ముస్లింలు. తరతరాలుగా రాజపుత్ర తదితర హిందూ కుటుంబాల ఇళ్లలో పుట్టుక నుంచి పెళ్లి దాకా పాడి బతికారు. పోషకుల వంశవృక్షాలు వీరి పాటల్లోనే భద్రంగా ఉన్నాయి. వీరి ప్రధాన వాద్యం కమాయిచా. చెక్కను గుండ్రటి బొజ్జలా తొలిచి, మేకతోలు బిగించి, పేగు తీగలు కట్టి, గుర్రపు వెంట్రుకల కమానుతో వాయిస్తారు. దాని నాదం ఫిడేలుకన్నా గంభీరంగా, కొంచెం గరగరగా ఉంటుంది. హమీరా గ్రామానికి చెందిన కమాయిచా విద్వాంసుడు సాకర్ ఖాన్‌కు 2012లో పద్మశ్రీ వచ్చింది. హోటళ్లలో కూర్చున్నవారు సినిమా పాటలే అడుగుతుంటారు, కళాకారులూ పాపం అవే పాడతారు. పాత పాట ఒకటి వినిపించమని అడిగి చూస్తే వాళ్ల ముఖాలు వెలుగుతాయి, గొంతూ మారుతుంది.

నగరం వెలుపల ఆరు కిలోమీటర్ల దూరంలో బడాబాగ్‌లో రాజుల స్మారక ఛత్రీలు ఉన్నాయి. బార్మేర్ వెళ్లే దారిలో 17 కిలోమీటర్లకు ఆకల్ శిలాజ ఉద్యానం వస్తుంది. 18 కోట్ల ఏళ్ల నాటి చెట్ల మానులు రాళ్లుగా మారి అక్కడ పడి ఉన్నాయి. ఈ ఎడారి ఒకప్పుడు అడవి అనడానికి అవే సాక్ష్యం.

పడమరగా 18 కిలోమీటర్ల దూరంలో కుల్‌ధరా అనే పాడుబడిన ఊరు ఉంది. ఇక్కడి పాలీవాల్ బ్రాహ్మణులు సాలిం సింగ్ వేధింపులు పడలేక ఒక్క రాత్రిలో 84 ఊళ్లు ఖాళీ చేసి, ఇక్కడ ఎవరూ బతకకూడదని శపించి వెళ్లారన్నది ప్రచారంలో ఉన్న కథ. దయ్యాల ఊరన్న పేరుతో అమ్ముడుపోయేదీ అదే. పన్నుల భారం, బావులు ఎండిపోవడం, భూకంపం వంటి కారణాలను చరిత్రకారులు చర్చిస్తారు. దయ్యాల మాట అటుంచి పాలీవాళ్ల వ్యవసాయం తెలుసుకోదగినది. రాతి వాలు మీద పడిన వాన దిగువకు పారే చోట పొడవాటి మట్టి కట్ట వేసేవారు. నీరు కట్ట వెనక నిలిచి మెల్లగా ఇంకేది. శీతాకాలానికి నీరు పోయి పదును మిగిలేది. ఆ పదునులో గోధుమ, శనగ చల్లి, మళ్లీ చుక్క నీరు పెట్టకుండా పంట తీసేవారు. ఖడీన్ అని పిలిచే ఈ పద్ధతి జిల్లాలో నేటికీ నడుస్తోంది. 20 సెంటీమీటర్ల వానతో గోధుమ పండించినవాళ్ల తెలివిని గుర్తించకుండా దయ్యాలను వెతుక్కుంటూ తిరిగిరావడం వాళ్లకు అన్యాయం చేయడమే.

ఇసుక తిన్నెలకు సమ్, ఖూరీ అని రెండు చోట్లు ఉన్నాయి. సమ్‌లో తిన్నెలు పెద్దవి, జనమూ పెద్దదే. జీపుల హోరు, గుడారాల దగ్గర పెద్ద స్పీకర్ల మోత రాత్రి దాకా సాగుతాయి. ఖూరీ కాస్త నెమ్మదైన పల్లె, అక్కడ గ్రామస్థుల ఇళ్లలోనే బస దొరుకుతుంది. ఎడారిని చూడాలని వచ్చినవారికి ఖూరీయే నయం.

ఇదే వైపు 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయ ఉద్యానం విస్తరించి ఉంది. బట్టమేక పిట్టకు చివరి ఆశ్రయం ఇది. ఒకప్పుడు ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడు గడ్డి భూముల్లోనూ ఈ పక్షి తిరిగేది. దానికోసమే అక్కడ 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఇప్పుడు దేశం మొత్తం మీద నూట యాభైకి మించవని అంచనా. ఉన్నవాటిలో ఎక్కువ జైసల్మేర్ జిల్లాలోనివే. ఈ బరువైన పక్షికి ఎదురుగా ఉన్నది సరిగా కనపడదు. గాలిమరలు, సౌర విద్యుత్ కేంద్రాల నుంచి వెళ్లే తీగలకు తగిలి చనిపోతోంది. సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది కాబట్టి పోయిన పక్షి స్థానం త్వరగా నిండదు. 2019 నుంచి సమ్‌లో గుడ్లు సేకరించి పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. పిట్టను చూడాలనుకునేవారు అటవీశాఖ అనుమతితో గైడును వెంటబెట్టుకుని తెల్లవారుజామునే వెళ్లాలి. దాని వెనక బండి పరుగెత్తించకూడదు.

సరిహద్దు వైపు వెళ్లే దారి వాయవ్యంగా రామ్‌గఢ్ మీదుగా సాగుతుంది. నగరం నుంచి 120 కిలోమీటర్ల దూరంలో తనోట్ మాత ఆలయం ఉంది. 1965 యుద్ధంలో పాకిస్తాన్ ప్రయోగించిన ఫిరంగి గుళ్లు ఆలయం దగ్గర పడి పేలలేదని సైనికుల నమ్మకం. వాటిలో కొన్నింటిని గుడిలోనే ప్రదర్శనకు పెట్టారు. పూజలూ నిర్వహణా సరిహద్దు భద్రతా దళమే చూసుకుంటుంది. అక్కడికి దగ్గర్లోని లోంగేవాలా 1971 డిసెంబరు 4 రాత్రి జరిగిన పోరాటానికి గుర్తు. మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి నాయకత్వంలో పంజాబ్ రెజిమెంట్‌కు చెందిన సుమారు 120 మంది, ట్యాంకులతో వచ్చిన పెద్ద బలగాన్ని తెల్లవారేదాకా నిలువరించారు. చీకట్లో ఎగరలేని హంటర్ విమానాలు వెలుతురు రాగానే జైసల్మేర్ నుంచి లేచి ఆ ట్యాంకులను ధ్వంసం చేశాయి. చాంద్‌పురికి మహావీర చక్ర ఇచ్చారు. 1997 నాటి ‘బోర్డర్’ సినిమా కథ ఇదే. పట్టుబడిన ట్యాంకులను అక్కడ చూడవచ్చు. అంత దూరం వెళ్లలేనివారికి జోధ్‌పూర్ రోడ్డులో 2015లో తెరిచిన యుద్ధ మ్యూజియం ఉంది.

తనోట్, లోంగేవాలాలు ఒకే రోజులో చూసి రావచ్చు. తెల్లవారుతూనే బయలుదేరి చీకటి పడకముందే తిరిగి రావడం మంచిది. రామ్‌గఢ్ దాటాక పెద్ద ఊళ్లు లేవు కనుక పెట్రోలు, మంచినీళ్లు, తినుబండారాలు అక్కడే చూసుకోవాలి. తనోట్ దాటి కంచె దాకా వెళ్లాలంటే ముందస్తు అనుమతి అవసరం. సరిహద్దుకు దగ్గరగా వెళ్లే విదేశీయులకు వేరే నిబంధనలు ఉంటాయి, విదేశీ పాస్‌పోర్టు ఉన్న ప్రవాస తెలుగువారు ముందే కనుక్కోవాలి. గుర్తింపు కార్డు అందరి దగ్గరా ఉండాలి. సైనిక చౌకీల దగ్గర ఫొటోలు తీయకూడదు.